చావింటికి చర్చి చేసే సాయం: గుండ్లకమ్మ ఒడ్డు పల్లెలో ఒక సంఘం భూస్థాపన సేవపై సమీక్ష

ఒంగోలు చుట్టుపక్కల చర్చిల గురించి జనం రాసే అభిప్రాయాలు దాదాపు అన్నీ ఆదివారం ఉదయానికి సంబంధించినవే. వాక్యం బాగా చెబుతారని, పాటలు బాగుంటాయని, కార్లు నిలుపుకోవడానికి చోటు చాలదని, ఏసీలు సరిగా పనిచేయవని రాస్తారు. అవన్నీ పనికివచ్చే సంగతులే. అయితే ఒక సంఘం తానున్న ఊరికి ఏ మేరకు ఉపయోగపడుతున్నదో తెలియాలంటే ఆదివారం ఆరాధనకు వెళ్ళడం కంటే, ఆ ఊళ్ళో ఒక ఇంట్లో చావు జరిగిన రాత్రి ఆ సంఘం ఏం చేస్తుందో చూడడం మేలని నా అభిప్రాయం. మద్దిపాడు మండలంలో, గుండ్లకమ్మకు దగ్గరలో ఉన్న ఒక పల్లెలోని బాప్టిస్టు సంఘం మా పెదనాన్న మరణించినప్పుడు అందించిన సేవను అందుకే ఇక్కడ వివరంగా సమీక్షిస్తున్నాను. సంఘం పేరు రాయడం లేదు. ఆ నది పొడవునా ఇటువంటి సంఘాలు చాలా ఉన్నాయి, పేరు మారినా వివరాలు పెద్దగా మారవు.

ముందుగా ఈ సేవలో ఏమేమి ఉంటాయో చెప్పాలి. సంఘంలో పెద్దల కమిటీ కాక, భూస్థాపన పనుల కోసమే నలుగురైదుగురు మగవాళ్ళతో ఒక చిన్న బృందం ఉంది. చర్చి వెనుక గదిలో ఒక ఫ్రీజర్ బాక్సు, ఒక చిన్న జనరేటరు, రెండు షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, వంట గిన్నెలు, ఒక మైకు సెట్టు ఉంటాయి. ఇంటింటి నుండి నెలకు యాభై రూపాయల చొప్పున చందా వసూలు చేసి, ఆ డబ్బుతో వీటిని కొని మరమ్మతులు చేయించుకుంటున్నారు. సభ్యుల ఇంట్లో ఎవరైనా పోతే ఇవన్నీ ఉచితంగా ఇస్తారు, జనరేటరు డీజిలు మాత్రం ఇంటివారే పోయించుకోవాలి. శవపేటికను ఊళ్ళోని వడ్రంగి చేస్తాడు. చెక్క ఖర్చు కుటుంబానిది, కూలి సంఘానిది. గొయ్యి తవ్వే పని ఎవరికీ అప్పగించరు, సంఘంలోని యువకులే తవ్వుతారు.

కాగితం మీద ఇది పెద్ద సేవలా కనిపించదు. ఒంగోలులో ఫోను చేస్తే ఫ్రీజరూ వస్తుంది, షామియానా వస్తుంది, కావాలంటే పూలతో అలంకరించిన వాహనం కూడా వస్తుంది. తేడా ఎక్కడంటే, చావు జరిగిన ఇంట్లో ఆ ఫోను చేయవలసిన మనిషి ఎవరన్నదే తేలదు. పెదనాన్న కొడుకు హైదరాబాదులో ఉన్నాడు, పెద్దమ్మ మాట్లాడే స్థితిలో లేదు, మిగిలిన బంధువులం దారిలో ఉన్నాం. ఒంగోలు ఆసుపత్రి నుండి దేహం ఊరికి చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది, ఫ్రీజరుకు కరెంటు తీగ లాగి ఉంది, స్త్రీల సమాజం వారు పెద్దమ్మ పక్కన కూర్చుని ఉన్నారు. ఎవరు ఎవరికి కబురు చేశారో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. బరువైన మాట ఒక్కటి కూడా ఎవరూ మాట్లాడకపోవడం, ‘ఏం కావాలి’ అని అడిగి ఇంటివారిని ఇబ్బంది పెట్టకపోవడం నేను ప్రత్యేకంగా గమనించాను. మూడు పొయ్యిల మీద అన్నం, చారు వండించి దూరం నుండి వచ్చినవారికి పెట్టారు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదన్న ఆచారాన్ని పాటించే బంధువులు మాలో ఉన్నందున ఆ వంట పక్కింటి దొడ్లో జరిగేలా చూశారు. ఇంత చిన్న విషయాన్ని కూడా ఆలోచించిన మనిషి ఆ బృందంలో ఒకరున్నారంటే, అది అనుభవం మీద వచ్చిన నేర్పు తప్ప మరొకటి కాదు.

ఈ పద్ధతి ఎక్కడి నుండి వచ్చిందో తెలిస్తే దాని విలువను అంచనా వేయడం సులభమవుతుంది కనుక కొంత చరిత్ర చెప్పడం అవసరం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. చాలా ఏళ్ళ పాటు ఫలితాలు అంతంత మాత్రంగానే ఉండడంతో ఆ మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. ఆ దశలోనే 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ తన భార్యతోను, మరి కొద్దిమంది తెలుగు విశ్వాసులతోను ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశాడు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండగానే చెప్పుకుంటారు. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అంతకు ముందే కనిగిరి ప్రాంతంలోని తాళ్ళకొండపాడుకు చెందిన తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడై, తన మాదిగ బంధువర్గం ఉన్న ఊళ్ళన్నిటికీ ఆ మాటను తీసుకుపోయాడు. మిషన్ బంగళా నుండి పల్లెలకు వెళ్ళిన మతంగా దీన్ని చెప్పుకోవడం సరికాదు. బంధుత్వాల వెంట, సంతల వెంట, పల్లె పెద్దల పంచాయితీల వెంట నడిచి వచ్చిన మతం ఇది. నేను చూసిన భూస్థాపన బృందం పనితీరులో ఆ పల్లె పంచాయితీ వాసన నేటికీ ఉంది.

1876 నుండి 1878 వరకు దక్షిణాదిని పట్టి పీడించిన మహా కరువు ఈ సంఘాలకు అసలైన పరీక్ష. మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసిన క్లౌ, కరువు పనిలో భాగంగా బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ మేర తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చిన వేలాదిమందికి కూలి దొరికేలా చేశాడు. కరువు సాయం జరుగుతున్నంత కాలం, అంటే దాదాపు పదిహేను నెలల పాటు, అతను ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం, కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదన్నది దాని ఉద్దేశం. సాయం ఆగిపోయాక కూడా జనం ఆగకుండా వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీటిలో దిగి ఆ పని చేశారు. పెదనాన్న సమాధి ఉన్న చోటు నుండి ఆ ఊరు ఎంతో దూరం లేదు.

ఈ పాత సంగతిని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. సాయానికీ మతానికీ మధ్య ఎంత దూరం ఉండాలన్న ప్రశ్న అప్పుడు క్లౌ ముందున్నట్టే ఇవాళ పల్లె సంఘం ముందూ ఉంది. క్లౌ దానికి ఒక సమాధానం చెప్పాడు. ఈ సంఘం చెప్పే సమాధానం ఎలా ఉందన్నదే నా సమీక్షలో ప్రధానమైన అంశం.

మా కుటుంబం ఆ పరీక్షకు బాగా సరిపోయింది. పెద్దమ్మ చిన్ననాటి నుండి ఆ సంఘ సభ్యురాలు. పెదనాన్న వయసు మళ్ళిన తరువాత బాప్తిస్మం తీసుకున్నాడు, అయితే చర్చికి క్రమంగా వెళ్ళినవాడు కాడు. అతని తమ్ముళ్ళు, అక్కచెల్లెళ్ళు హిందువులు. పైగా చందా చాలా నెలలుగా బాకీ పడి ఉంది. ఆ బాకీ ప్రసక్తి ఎవరూ తేలేదు. అన్నీ ముగిసిన తరువాత మా అన్నయ్య స్వయంగా అడిగితే, సంఘ పెద్దల్లో ఒకాయన పుస్తకం తెరిచి లెక్క చెప్పి, ఇవ్వగలిగితే ఇవ్వండి బాబూ, లేకుంటే అమ్మగారి పేరు మీద కొట్టివేస్తాం అన్నారు. చందా బాకీ ఉన్నవారికి సమాధి స్థలం ఇవ్వబోమని బెదిరించే సంఘాలు ఉన్నాయని బంధువుల ద్వారా విన్నాను. ఇక్కడ మాత్రం అలాంటిది లేదు. సభ్యులు కానివారికి కూడా ఫ్రీజరు, కుర్చీలు ఇస్తారని, రవాణాకూ కరెంటుకూ అయ్యే కొద్దిపాటి ఖర్చు మాత్రం తీసుకుంటారని ఊళ్ళోని హిందూ కుటుంబాల వారే నాతో చెప్పారు. మాలపల్లె, మాదిగపల్లె అన్న తేడా ఈ సామాను దగ్గర పాటించరు. చర్చి బల్లల మీద కూర్చునే తీరులో అది పూర్తిగా పోయిందని మాత్రం నేను చెప్పలేను.

ఆచారాల విషయంలో కొంత ఘర్షణ జరిగింది. చిన్నాన్నలు దేహానికి స్నానం చేయించి నుదుట బొట్టు పెట్టాలన్నారు, దింపుడు కళ్ళం దగ్గర ఆపి చెవిలో పేరు పెట్టి పిలవాలన్నారు. సంఘ పెద్దల్లో ఒకరిద్దరు దానికి ఒప్పుకోలేదు. మాట పెరిగే సమయంలో అయ్యగారు, అంటే సంఘ పాస్టరు, వచ్చి, ఇంటి గడప దాటేవరకు దేహం కుటుంబానిదని, గడప దాటిన తరువాత క్రమం సంఘానిదని చెప్పి ఇద్దరినీ ఒప్పించారు. స్నానం, బొట్టు ఇంట్లో జరిగాయి. దింపుడు కళ్ళం జరగలేదు. చిన్నాన్నలకు అది లోటుగానే మిగిలింది, ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉంటారు. అయినా అయ్యగారు గీసిన ఆ గీత న్యాయమైనదనే నేను భావిస్తున్నాను. ఇలాంటి మిశ్రమ కుటుంబాలు ఒంగోలు ప్రాంతంలో లెక్కకు మించి ఉన్నాయి కనుక, మరణం జరిగిన పూటనే తేల్చుకోవలసి రాకుండా, సంఘం ముందుగానే ఒక నియమం రాసి పెట్టుకోవడం మంచిది.

ఊరేగింపులో డప్పు లేదు. దీనికి కూడా వెనుక కథ ఉంది. తొలి తరంలో మాదిగలు క్రైస్తవులైనప్పుడు వారు మానుకోవలసిన పనుల్లో చచ్చిన పశువుల మాంసం తినడం, ఆదివారం పని చేయడం, విగ్రహాలకు మొక్కడం ఉన్నాయి. ఊరి జాతరల్లో డప్పు కొట్టనని వారు చెప్పినప్పుడు గ్రామాధికారులు బావుల నుండి నీళ్ళు తోడుకోనివ్వలేదు, పనులకు పిలవలేదు. డప్పు మానడం అప్పట్లో ఒక వెట్టిని మానడమే. అందువల్ల ఆ ఊరేగింపు పాటతోనే సాగింది. ముందు ఇద్దరు హార్మోనియం, డోలక్ పట్టుకుని ఒక చిన్న ఆటో ట్రాలీలో కూర్చున్నారు, వెనుక ఆడవాళ్ళు అందుకుంటూ పాడారు. పాత కీర్తనల్లోని నిదానమైన రాగాలు ఆ నడకకు తగినట్టుగా ఉన్నాయి. పాటల విషయంలో ఈ సంఘానికి పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. పట్టణాల్లో ఇప్పుడు చావుకు కూడా కీబోర్డు, ప్యాడ్లు, పెద్ద స్పీకర్లు తెస్తున్నారు. వాటి ముందు ఏడవడానికి కూడా చోటు ఉండదు.

ప్రసంగం విషయంలో మాత్రం నాకు స్పష్టమైన అసంతృప్తి ఉంది. ఇంటి దగ్గర ఒకటి, సమాధి దగ్గర ఒకటి, మొత్తం రెండు ప్రసంగాలు జరిగాయి. ఇంటి దగ్గర అయ్యగారు క్లుప్తంగా, పెదనాన్నను ఎరిగిన మనిషిగా మాట్లాడారు. అతను బర్రెలను పేర్లు పెట్టి పిలిచేవాడని, చర్చికి రాకపోయినా చర్చి గోడ పడిపోయినప్పుడు ఇటుకలు మోశాడని చెప్పారు. సమాధి దగ్గర మాట్లాడినవారు ఒంగోలు నుండి వచ్చిన అతిథి బోధకులు. వారికి పెదనాన్న పేరు కూడా సరిగా తెలియదు. ఎండలో గొయ్యి పక్కన నిలబడిన జనానికి ఆయన చాలాసేపు రక్షణ గురించి బోధించి, చివరకు ఇప్పుడే తీర్మానం చేసుకోదలచినవారు చేతులెత్తాలని అడిగారు. మా చిన్నాన్నలు తల దించుకుని నిలబడ్డారు. దుఃఖంలో ఉన్నవాణ్ణి, పైగా అన్నను సాగనంపడానికి వచ్చిన, ఆ మతస్థుడు కాని తమ్ముణ్ణి, ఆ స్థితిలో అలా అడగడం మర్యాద కాదు. అంతకు ముందు రాత్రి నుండి ఆ సంఘం చేసిన సేవ అంతా ఏమీ ఆశించకుండా చేసినదే. ఈ ఒక్క పిలుపు వల్ల అది ఆశించి చేసినట్టుగా కనిపించే ప్రమాదం ఏర్పడింది. సమాధి దగ్గర బయటి బోధకులకు మైకు ఇవ్వకూడదని నేను సంఘ పెద్దలకు ఉత్తరం రాశాను. వారు చదివి మర్యాదగా జవాబు ఇచ్చారు, ఒప్పుకున్నామని మాత్రం అనలేదు.

సమాధుల తోట విషయానికి వస్తే, అది నది వైపు ఉన్న పోరంబోకు నేల. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ మీద రిజర్వాయరు కట్టిన తరువాత ఆ చుట్టుపక్కల భూముల లెక్కలే మారిపోయాయి. ఊళ్ళకు ఉన్న కొద్దిపాటి శ్మశాన స్థలాల మీద ఒత్తిడి పెరిగింది. ఇక్కడి తోటకు ప్రహరీ లేదు, దారి వర్షాకాలంలో బురదగా ఉంటుంది, నల్లరేగడి నేల కావడం వల్ల వాన పడినప్పుడు గొయ్యి తవ్వడం నరకమే. స్థలం చాలకపోవడంతో సంఘం ఒక నియమం పెట్టింది. సిమెంటు, గ్రానైటు సమాధులు కొత్తగా కట్టనివ్వరు, మట్టి సమాధి మీద సిలువ మాత్రం నిలుపుకోవచ్చు, కొన్నేళ్ళ తరువాత అదే కుటుంబంలో మరొకరిని అక్కడే పెట్టవచ్చు. డబ్బున్న కొన్ని కుటుంబాలకు ఇది నచ్చలేదని తెలిసింది. నాకు మాత్రం ఈ సేవ మొత్తంలో అత్యంత దూరదృష్టి ఉన్న నిర్ణయం ఇదేనని అనిపించింది. రాతి సమాధి కట్టుకున్న ఒక్కొక్క ఇల్లూ తరువాతి తరంలో ఇద్దరు పేదల చోటును తీసుకుంటుంది. ఈస్టరు తెల్లవారుజామున ఈ తోటకు వెళ్ళినవారికి ఆ నియమం వల్ల మరొక లాభం కూడా కనిపిస్తుంది. ఇంటింటివారు వచ్చి సిలువకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నప్పుడు ఏ సమాధి ఎవరి స్థాయిదో గుర్తుపట్టలేము.

పేదవారికి ఈ తోట ఉండడం ఎందుకు ముఖ్యమో పట్టణంలో పెరిగినవారికి వెంటనే అర్థం కాకపోవచ్చు. దళితవాడల్లో చాలా చోట్ల శ్మశానానికి హద్దులు లేవు, దారి లేదు, పట్టా లేదు. వాగు గట్టో, చెరువు పోరంబోకో దిక్కవుతుంది. సంఘం అనే ఒక గుర్తింపు ఉన్న వ్యవస్థ రిజిస్టరు పట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి స్థలం గురించి మాట్లాడడానికి, ఒక్క కుటుంబం వెళ్ళి మాట్లాడడానికి చాలా తేడా ఉంది. ఈ సంఘం పెద్దలు స్థలానికి హద్దు రాళ్ళు వేయించగలిగారు. ప్రహరీ కోసం చేసిన అర్జీలు మాత్రం అలాగే ఉన్నాయి.

కాగితాల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పల్లెల్లో ఆ పని పంచాయతీ కార్యదర్శి దగ్గర జరుగుతుంది. చర్చి భూస్థాపన రిజిస్టరులో పేరు రాసినంత మాత్రాన ప్రభుత్వ ధ్రువపత్రం వచ్చినట్టు కాదు. ఈ తేడా తెలియక గడువు దాటబెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడి సంఘ కార్యదర్శి మాత్రం ఆ సంగతిని మొదటి వారంలోనే మాకు గుర్తుచేసి, ఆసుపత్రి ఇచ్చిన కాగితం, ఆధారు కార్డుల నకళ్ళు పట్టుకుని తానే వెంట వచ్చారు. వితంతు పింఛనుకు, బ్యాంకు ఖాతాకు ఆ పత్రమే మూలం కనుక ఈ సహాయం షామియానా కంటే విలువైనదని పెద్దమ్మకు తరువాత అర్థమైంది.

రిజిస్టరు వెనుక మరొక చిక్కు ఉంది, దాని గురించి బహిరంగంగా మాట్లాడేవారు తక్కువ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం పుచ్చుకున్న షెడ్యూల్డు కులాల వారిని, వారి సంతానాన్ని వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గంలో ఉంచి ఒక శాతం రిజర్వేషను ఇస్తున్నారు. దీనివల్ల తరతరాలుగా చర్చికి వెళుతున్న కుటుంబాల్లో కూడా బాప్తిస్మం రిజిస్టరులో పేరు ఎక్కించుకోవడానికి వెనకాడేవారున్నారు. పెళ్ళి చర్చిలో చేసుకుని ధ్రువపత్రం మాత్రం వేరే చోట తీసుకునేవారున్నారు. చివరకు సమాధి రిజిస్టరులో పేరు రాయించాలా వద్దా అని ఆలోచించేవారూ ఉన్నారు. పేరు రాయించకపోయినా భూస్థాపనకు అడ్డు చెప్పబోమని ఈ సంఘం అంటుంది. చట్టం చేసిన ముడిని పల్లె చర్చి విప్పలేదు. కనీసం చావు దగ్గర దాన్ని బిగించకుండా ఉండడమే దాని చేతిలో ఉన్న పని, ఆ పనిని ఇక్కడ చేస్తున్నారు.

పెద్దకర్మ స్థానంలో వీరు ఆదరణ కూడిక చేస్తారు. ఉద్దేశం మంచిదే అయినా, ఖర్చు విషయంలో ఇది మెల్లగా పెద్దకర్మ దారిలోనే నడుస్తున్నది. బిర్యానీ, రంగుల ఫ్లెక్సీ, వచ్చిన ప్రతి బోధకునికీ కవరు, శాలువా, జ్ఞాపకార్థంగా పంచే స్టీలు డబ్బాలు. ఫ్లెక్సీ మీద పెదనాన్న ఫోటో కంటే అతిథుల ఫోటోలే పెద్దవిగా ఉన్నాయి. ఇవేవీ సంఘం అడిగినవి కావు, ఇరుగుపొరుగు చూసి పెరిగినవి. అయినా చందా పుస్తకం అంత క్రమశిక్షణగా నడిపే పెద్దలు ఈ దుబారాకు ఒక హద్దు పెట్టలేరా అన్నది నా సందేహం. నెలసరి వడ్డీకి అప్పు తెచ్చి ఆదరణ కూడిక చేసిన ఇళ్ళు ఆ వాడలోనే ఉన్నాయి. ఆ ఇళ్ళకు ఆదరణ ఎవరు ఇస్తారు?

దీనికి భిన్నంగా, కూడిక ముగిసిన తరువాత స్త్రీల సమాజం చేసిన పని నిశ్శబ్దంగా సాగింది. వారంవారం ఇద్దరు ముగ్గురు వచ్చి పెద్దమ్మతో కూర్చునేవారు. ప్రార్థన కొద్దిసేపే, మిగిలిన సమయమంతా చిక్కుడుకాయలు ఒలవడం, పింఛను కబుర్లు, కోడళ్ళ మీద చాడీలు. పెద్దమ్మ మళ్ళీ కడుపునిండా తినడం మొదలుపెట్టింది ఆ కూర్చోవడాల వల్లేనని మా అక్క అంటుంది. మిషన్ రోజుల్లో బైబిలు స్త్రీలు అని పిలిచే తెలుగు మహిళా ప్రచారకులు ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో కూర్చునే పద్ధతి ఉండేది. జీతాలు, బిరుదులు పోయినా ఆ అలవాటు మిగిలి ఉన్నట్టు కనిపిస్తుంది. సంఘ కమిటీలో మాత్రం ఆడవాళ్ళు నామమాత్రమే. చందా వసూలు చేసేది వారు, లెక్క చెప్పేది మగవారు.

ఇతర చోట్లతో పోల్చడం కొంత కష్టం, ఎందుకంటే ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క పద్ధతి. నెల్లూరు కతోలిక మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతం, 1928లో ఏర్పడింది. సంతపేటలోని సెయింట్ జోసెఫ్ కథెడ్రల్ దాని కేంద్రం. అక్కడ విచారణ గురువు (స్థానిక చర్చి ఫాదరు), స్థిరమైన క్రమం, నవంబరు 2న సమాధుల పండుగ అన్నీ ఉంటాయి కనుక ఎవరు వచ్చి ఏం మాట్లాడతారోనన్న భయం ఉండదు. అతిథి బోధకుడు మైకు లాక్కునే అవకాశమే లేదు. నెల్లూరుకు దక్షిణాన సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు జర్మనీలోని హెర్మాన్స్‌బర్గ్ మిషన్ నాటిన లూథరన్ సంఘాల్లో కూడా పుస్తకంలోని క్రమమే నడుస్తుంది. ఇక పట్టణాల్లో ఇటీవల వెలసిన స్వతంత్ర మందిరాల్లో చాలావాటికి సొంత సమాధి స్థలమే లేదు. ఆదివారం వేలమంది వచ్చే చోట కూడా చావు వచ్చేసరికి సభ్యులు పాత బాప్టిస్టు సంఘం పెద్దలనో, మునిసిపాలిటీ వారినో బతిమాలుకోవలసి వస్తున్నది. సభ్యత్వం తీసుకునే ముందు సమాధి స్థలం సంగతి అడగడం ఎవరికీ తోచదు, అడిగితే బాగుండదనుకుంటారు. తప్పకుండా అడగవలసిన ప్రశ్న అదే.

మొత్తం మీద ఖర్చు ఇలా అయింది: చెక్క, డీజిలు, పూలు, వడ్రంగికి ఇచ్చిన కానుక కలిపితే ఆదరణ కూడిక ఖర్చులో చిన్న భాగం కూడా కాలేదు. ఫ్రీజరు పాతదే అయినా రాత్రంతా ఆగకుండా పనిచేసింది. మైకు సెట్టు అంత మంచిది కాదు, మారకపోతేనే మంచిదని నా కోరిక. సమయపాలనలో లోపం లేదు. మద్యం తాగి వచ్చినవారిని గొయ్యి తవ్వే చోటికి రానివ్వలేదు. ఈ నియమం వల్ల మా వైపు బంధువు ఒకాయన అలిగి వెళ్ళిపోయాడు, ఆ విషయంలో నేను సంఘం పక్షమే.

ఈ సేవను ఉపయోగించుకోవలసి వచ్చేవారికి కొన్ని సూచనలు. సమాచారం అయ్యగారికంటే ముందు భూస్థాపన బృందంలోని వారికి చేరవేస్తే పనులు త్వరగా మొదలవుతాయి. ఆయన ఆదివారాల్లో వేరే పల్లెల్లో కూడా ఆరాధనలు నడుపుతారు కనుక ఫోను అందకపోవచ్చు. కుటుంబంలో వేరే మతస్థులు ఉంటే ఏ ఆచారాలు ఎక్కడ జరగాలో దేహం ఇంటికి రాకముందే పెద్దలతో మాట్లాడుకోవాలి. సమాధి దగ్గర ఎవరు ప్రసంగించాలో ఇంటివారే ముందుగా చెప్పవచ్చు, చెబితే వింటారు, చెప్పకపోతే ఎవరు పెద్దవారైతే వారికి మైకు వెళుతుంది. వర్షాకాలమైతే నది వైపు దారిలో ట్రాలీ దిగబడుతుంది, భుజాల మీద మోయడానికి ఆరుగురిని సిద్ధంగా ఉంచుకోవాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆసుపత్రి ఇచ్చిన మూల పత్రం చేతికి ఇచ్చేయకుండా నకలు ఇచ్చి, మూల పత్రం చూపించి తిరిగి తెచ్చుకోవాలి.